మంట తగ్గింది సరే, పుండు మానిందా? డియోడినల్ అల్సర్‌కు అసలు వైద్యం ఏమిటి

అర్ధరాత్రి ఒంటిగంట దాటాక మెలకువ వస్తుంది. బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద, ఒక్క వేలితో చూపించగలిగేంత చోట కొరుకుతున్నట్టు, మండుతున్నట్టు నొప్పి. లేచి రెండు బిస్కెట్లు తింటేనో, కాసిని పాలు తాగితేనో కాసేపటికి సర్దుకుంటుంది. పగలూ ఇదే వరస. అన్నం తిన్నప్పుడు హాయిగానే ఉంటుంది. రెండు మూడు గంటలు గడిచి కడుపు ఖాళీ అవుతున్నకొద్దీ మళ్లీ మొదలవుతుంది. ఇలా కొన్ని వారాలు వేధించి, మందేమీ వాడకపోయినా ఒక్కోసారి దానంతటదే పోతుంది. పీడ విరగడైందనుకుంటే కొన్ని నెలలకు మళ్లీ తిరిగొస్తుంది.

డియోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదటి భాగమైన డియోడినంలో పడే పుండు నొప్పికి ఇది పేరుపడ్డ లక్షణం. జీర్ణాశయంలో పుండు పడితే చాలామందికి తిన్న కాసేపటికే నొప్పి పెరుగుతుంది, అందుకే తినడానికి భయపడి చిక్కిపోతారు. డియోడినంలో పుండు పడితే తింటే ఉపశమనం, ఆకలేస్తే నొప్పి. అయితే అందరిలోనూ ఇంత స్పష్టంగా ఉండదు. వయసు పైబడినవాళ్లలో, రోజూ నొప్పి మాత్రలు వాడేవాళ్లలో ఏ నొప్పీ లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడవచ్చు.

మన దగ్గర దీనికి మొదట జరిగే వైద్యం మందుల షాపులో. ‘కడుపులో మంట’ అనగానే షాపతను యాసిడ్‌ను తగ్గించే పాంటోప్రజోల్ స్ట్రిప్పు ఒకటి ఇస్తాడు. అది మంచి మందే. రెండు మూడు రోజుల్లో మంట చల్లారుతుంది, మాత్ర ఆగిపోతుంది. నెలా రెండు నెలలకు నొప్పి తిరిగొస్తే మళ్లీ అదే స్ట్రిప్పు. మధ్యలో ఎవరో చెప్పారని కారం మానేస్తారు, ఇంకెవరో చెప్పారని పరగడుపున పాలు మొదలుపెడతారు. ఈ తిరుగుడులో పదేళ్లు గడిపినవాళ్లు ఎందరో ఉంటారు. వీళ్లందరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది: నొప్పి తగ్గడం, పుండు మానడం, పుండు మళ్లీ రాకుండా ఉండటం అనేవి మూడు వేర్వేరు సంగతులు. మొదటిది రోజుల పని. రెండోదానికి వారాలు కావాలి. మూడోది కారణాన్ని పట్టుకుని తీసేస్తే తప్ప జరగదు. మొదటిది జరిగితే మూడూ జరిగినట్టే అనుకోవడం వల్లే ఈ జబ్బు ఏళ్ల తరబడి సాగుతోంది.

పుండు ఎక్కడ పడుతుంది

మనం తిన్నది జీర్ణాశయంలో నలిగి, యాసిడ్‌తో కలిసి, కిందనున్న కండరపు ద్వారం గుండా చిన్నపేగులోకి వెళ్తుంది. ఆ చిన్నపేగు మొదటి భాగమే డియోడినం. తెలుగు వైద్యగ్రంథాల్లో ఆంత్రమూలం అంటారు. పొడవు 25 సెంటీమీటర్లు, అంటే సుమారు పన్నెండు వేళ్ల వెడల్పంత. జీర్ణాశయం రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల రసాన్ని ఊరిస్తుంది. ఆ యాసిడ్ మొట్టమొదట వచ్చి పడేది డియోడినం తొలి రెండు అంగుళాల్లోనే. అందుకే ఇక్కడి పుండ్లలో అత్యధికం ఆ చిన్న జాగాలోనే ఉంటాయి.

యాసిడ్ తగలడం ఒక్కటే కారణమైతే మనందరికీ పుండ్లు పడాలి. పడకపోవడానికి కారణం లోపలి గోడకున్న రక్షణ. పైన జిగురుపొర, దాని అడుగున యాసిడ్‌ను విరిచేసే బైకార్బొనేట్, వీటిని ఎప్పటికప్పుడు నిలబెట్టే రక్తప్రసరణ, చచ్చిన కణాల స్థానంలో రోజుల్లోనే పుట్టుకొచ్చే కొత్త కణాలు. ఇవన్నీ సక్రమంగా ఉన్నంతకాలం యాసిడ్ ఏమీ చేయలేదు. ఈ రక్షణ చెడినప్పుడు గోడ ఒరుసుకుపోయి, ఆ గాయం కండరపొర దాకా దిగుతుంది. అదే అల్సర్. దాన్ని చెడగొట్టేవి ప్రధానంగా రెండు: హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. మిగిలిన కారణాలన్నీ కలిపినా చిన్న వాటాయే.

బ్యాక్టీరియా సంగతి తెలియకముందు

ఈ రెండు కారణాల్లో మొదటిది తెలియడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది. 1910లో కార్ల్ ష్వార్జ్ అనే సర్జన్ యాసిడ్ లేనిదే అల్సర్ లేదని సూత్రీకరించాడు. అది అబద్ధమేమీ కాదు, సగం నిజం. కానీ డెబ్భై ఏళ్లకు పైగా వైద్యమంతా ఆ సగం చుట్టూనే తిరిగింది. 1915లో షికాగో వైద్యుడు బెర్ట్రామ్ సిప్పీ గంటగంటకూ పాలు, మీగడ పట్టించి, మధ్యలో యాసిడ్‌ను విరిచే పొడులు ఇచ్చే పద్ధతి పెట్టాడు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా అదే పథ్యం. ఇవాళ మన ఇళ్లలో ‘అల్సరా, పాలు తాగు’ అనే సలహాకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. 1943లో అదే నగరంలో లెస్టర్ డ్రాగ్‌స్టెడ్ యాసిడ్ ఊరించే వేగస్ నరాన్నే కోసేసే ఆపరేషన్‌ను వాడుకలోకి తెచ్చాడు.

దక్షిణ భారతంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1922, 1924 ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న బ్రిటిష్ సర్జన్ హోవార్డ్ సోమర్‌వెల్ దక్షిణ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆస్పత్రిలో దశాబ్దాల పాటు ఉండిపోయాడు. ఆయన పేరు పొందింది డియోడినల్ అల్సర్ ఆపరేషన్లకే. పుండు మానుతూ, మళ్లీ పడుతూ ఆ చోటు మచ్చకట్టి మూసుకుపోయినవాళ్లకు జీర్ణాశయాన్ని కింది పేగుకు పక్కదారిన కలిపి కుట్టేవారు. తర్వాతి కాలంలో మైసూరు మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన ఫ్రాంక్ టోవే అనే సర్జన్ దేశమంతటా లెక్కలు పోల్చి, గోధుమ తినే ఉత్తరాది కంటే బియ్యం తినే దక్షిణాది, తూర్పు ప్రాంతాల్లో డియోడినల్ అల్సర్ ఎక్కువని చూపించాడు. పాలిష్ పట్టిన బియ్యంలో పోయే కొవ్వు పదార్థాలకు పేగు గోడను కాపాడే గుణం ఉందేమోనని ఆయన వాదన. అది సిద్ధాంతంగానే మిగిలింది. మన ప్రాంతంలో పాత తరానికి ‘కడుపు ఆపరేషన్’ అంతగా తెలిసి ఉండటం మాత్రం ఊరికే కాదు.

1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ మాత్ర వచ్చింది. యాసిడ్ ఊరడానికి హిస్టమిన్ అనే రసాయనం ఇచ్చే సంకేతాన్ని అడ్డుకునే మందు అది. దాన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ దక్కింది. తర్వాత రానిటిడిన్, 1980ల చివర్లో ఒమెప్రజోల్. ఆపరేషన్లు ఒక్కసారిగా తగ్గాయి. పుండ్లు చక్కగా మానేవి. మందు ఆపితే మాత్రం ఏడాది తిరిగేలోపు సగానికి పైగా జనానికి మళ్లీ పడేవి. దాంతో జీవితాంతం మాత్ర వేసుకోవాల్సిందే అన్నారు. జబ్బుకు కారణం అలాగే ఉంటే అంతకంటే ఏం జరుగుతుంది?

జవాబు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చింది. అక్కడి రాయల్ పెర్త్ ఆస్పత్రిలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ జీర్ణాశయపు ముక్కల్లో వంపు తిరిగిన బ్యాక్టీరియాను పదేపదే చూశాడు. అంత యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదని అప్పటి నమ్మకం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బ్యారీ మార్షల్ అనే యువ డాక్టర్ ఆయనతో కలిశాడు. ఆ బ్యాక్టీరియాను ల్యాబులో పెంచబోతే పెరగలేదు. రెండు రోజులు చూసి ప్లేట్లు పారేయడం అక్కడి రివాజు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు అలాగే ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. సెలవులయ్యాక చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది. అది నెమ్మదిగా పెరిగే రకం, అంతే. అయినా వైద్యలోకం నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. వారం తిరిగేసరికి వాంతులు పట్టుకున్నాయి. ఎండోస్కోపీలో అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయం వాచి కనిపించింది, అక్కడి నుంచి తీసిన ముక్కల్లో బ్యాక్టీరియా దొరికింది. ఆయనకు పడింది పుండు కాదు, జీర్ణాశయపు వాపు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. పుండు సంగతి తేల్చింది ఆ తర్వాతి చికిత్సా పరిశోధనలు. యాంటీబయాటిక్స్‌తో బ్యాక్టీరియాను తీసేస్తే, అదివరకు మళ్లీ మళ్లీ పడే పుండ్లు ఇక పడలేదు. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు ఈ బ్యాక్టీరియా ఉన్న అల్సర్ రోగులకు యాంటీబయాటిక్స్ ఇవ్వాలని తీర్మానించింది. 2005లో వారెన్, మార్షల్‌లకు నోబెల్ వచ్చింది.

బ్యాక్టీరియా జీర్ణాశయంలో, పుండు పేగులో: ఎలా?

చాలామందికి అర్థం కాని ముడి ఇదే. పైలోరి స్థావరం జీర్ణాశయం. తన చుట్టూ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేసుకుంటుంది. ఆ అమ్మోనియా యాసిడ్‌ను విరిచేస్తుంది కాబట్టి జిగురుపొర కింద క్షేమంగా బతుకుతుంది. కొందరిలో ఇది జీర్ణాశయపు చివరి భాగంలో తిష్ఠ వేస్తుంది. యాసిడ్ ఊరడాన్ని తగ్గించమని చెప్పే సొమాటోస్టాటిన్ హార్మోను అక్కడే తయారవుతుంది. వాపు వల్ల దాని ఉత్పత్తి పడిపోతుంది. అడ్డుచెప్పేది లేకపోయేసరికి గ్యాస్ట్రిన్ హార్మోను పెరిగి, పైభాగంలోని కణాలు అవసరానికి మించి యాసిడ్ కుమ్మరిస్తాయి. ఆ అదనపు యాసిడ్ అంతా డియోడినంలో పడుతుంది. అది తట్టుకోలేక అక్కడి గోడ అక్కడక్కడా తన స్వరూపం మార్చుకుని, జీర్ణాశయపు గోడలాంటి కణాలను తెచ్చుకుంటుంది. పేగు గోడ మీద బతకలేని పైలోరికి ఈ మారిన చోట్లు చక్కటి ఆవాసం. అది అక్కడికి దిగుతుంది, వాపు మొదలవుతుంది, పైనుంచి యాసిడ్ పడుతూనే ఉంటుంది. పుండు అలా పడుతుంది. యాసిడ్ సిద్ధాంతం సగం నిజమని పైన అన్నది ఇందుకే. యాసిడ్ పెరగడం నిజం, దాన్ని పెంచింది బ్యాక్టీరియా.

ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందిలో ఈ బ్యాక్టీరియా ఉన్నట్టు అంచనా. మన దేశంలో ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచో, కలుషితమైన నీటి వల్లో అంటుకుంటుంది. అయినా వీళ్లలో పదిమందిలో ఒకరికి అటూఇటూగా మాత్రమే జీవితంలో ఎప్పుడో పుండు పడుతుంది. కాబట్టి రక్తపరీక్షలో పైలోరి యాంటీబాడీలు కనపడగానే కడుపులో ప్రతి ఇబ్బందినీ దానికి అంటగట్టడం తప్పు. ఆ రక్తపరీక్ష ఒకప్పుడు సోకి పోయినదానికీ, ఇప్పుడు ఉన్నదానికీ తేడా చెప్పలేదు.

సూది కడుపుకు తగలదనుకోవడం

రెండో కారణం దగ్గరికి వద్దాం. దీని మీద మన ఊళ్లలో ఉన్నంత నిర్లక్ష్యం ఇంకెక్కడా ఉండదేమో. మోకాళ్ల నొప్పులతో నాట్లకు వెళ్లే ఆడవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు టీ తాగినంత తేలిగ్గా వేసుకుంటారు. ఈ మందులు నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఆపుతాయి. జీర్ణాశయం, డియోడినం గోడల్లో జిగురును, బైకార్బొనేట్‌ను, రక్తప్రసరణను నిలబెట్టేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి తగ్గేది, రక్షణ పోయేది ఒకే దెబ్బకు.

‘మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, అందుకే సూది వేయించుకుంటున్నా’ అనే మాట తరచూ వింటుంటాం. ఇది ప్రమాదకరమైన అపోహ. మాత్ర గోడకు నేరుగా తగలడం వల్ల జరిగే నష్టం కొంతే. అసలు నష్టం మందు రక్తంలో కలిశాక జరుగుతుంది. డైక్లోఫెనాక్‌ను సూదిగా ఇచ్చినా, పైపూత పూసిన మాత్రగా మింగినా అది రక్తంలోకి చేరి అదే పని చేస్తుంది. అన్నం తిన్నాక వేసుకుంటే ప్రమాదం లేదన్నదీ అంతే. దీనికి స్టెరాయిడ్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకు రెండు సూదులు కలిపి వేస్తుంటే, అవేమిటో పేరు అడిగి రాయించుకోవడం మన హక్కు. గుండెకు వాడే 75 మిల్లీగ్రాముల చిన్న ఆస్పిరిన్ కూడా ఈ జాబితాలోదే.

పారాసెటమాల్ ఈ కోవలోకి రాదు. కానీ మన మార్కెట్లో పారాసెటమాల్‌తో అసెక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో కలిపిన మాత్రలు కుప్పలుగా ఉన్నాయి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవాలి. అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్‌కు చెప్పే మందుల జాబితాలో నొప్పి సూదుల్నీ, నాటుమందు పొడుల్నీ కలిపి చెప్పాలి. ఊరూపేరూ లేని కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపినవి బయటపడుతూనే ఉన్నాయి.

ఎండోస్కోపీ గదిలో

చిన్న వయసులో, వేరే ప్రమాద సూచనలేవీ లేకుండా మంట వస్తుంటే ముందు మలపరీక్షతోనో, ఊదే పరీక్షతోనో పైలోరి ఉందో లేదో చూసి చికిత్స చేయవచ్చు. అరవై దాటినవాళ్లకు కొత్తగా నొప్పి మొదలైనా, ఏ వయసులోనైనా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, రక్తహీనత కనిపించినా, మలం నల్లగా వచ్చినా ఎండోస్కోపీ తప్పదు. దీనికి జనం పడే భయం చాలా ఎక్కువ, నిజానికి పరీక్ష పది నిమిషాల పని. ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే గొంతులో మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి సన్నని గొట్టం లోపలికి పంపుతారు. కావాలంటే మత్తు సూది ఇస్తారు.

పుండు కనిపించాక జరిగే చిన్న పనే ఈ వైద్యమంతటికీ కీలకం. జీర్ణాశయపు చివరి భాగం నుంచి మెతుకంత ముక్క తీసి, యూరియా ఉన్న పసుపురంగు జెల్‌లో గుచ్చుతారు. ముక్కలో పైలోరి ఉంటే యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది, దాంతో జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. కొన్నిసార్లు రోగి బట్టలు సర్దుకునేలోపే రంగు మారిపోతుంది. రిపోర్టులో ‘ఆర్‌యూటీ (ర్యాపిడ్ యూరియేజ్ టెస్ట్) పాజిటివ్’ అని రాసేది దీన్నే. మీ రిపోర్టులో డియోడినల్ అల్సర్ అని ఉండి, ఆర్‌యూటీ ఊసే లేకపోతే అడగండి. ఒక మెలిక కూడా ఉంది. పరీక్షకు ముందు రెండు వారాల్లో పాంటోప్రజోల్ లాంటివి, నాలుగు వారాల్లో యాంటీబయాటిక్స్ వాడి ఉంటే బ్యాక్టీరియా అణగి ఉండి, లేనట్టు చూపించవచ్చు. రక్తస్రావం అవుతున్నప్పుడు చేసినా అంతే. అలాంటప్పుడు నెగెటివ్ వచ్చిందని వదిలేయకుండా మరోసారి చేయించాలి.

క్యాన్సర్ భయం గురించి ఒక మాట. డియోడినంలోని మామూలు పుండు క్యాన్సర్‌గా మారదు. జీర్ణాశయంలో పుండైతే సంగతి వేరు. చూడటానికి పుండులా ఉన్నదే క్యాన్సర్ కావచ్చు కాబట్టి ముక్క తీసి పరీక్షిస్తారు, మానాక మళ్లీ చూస్తారు. పుండు ఏ చోట ఉందని రిపోర్టులో రాశారో చూసుకుంటే ఎంతోమందికి అనవసరపు బెంగ తీరుతుంది.

పద్నాలుగు రోజులు

పుండు మానడానికి యాసిడ్‌ను తగ్గించే మందు నాలుగు వారాలు వాడితే చాలావరకు సరిపోతుంది, కొందరికి ఎనిమిది వారాలు. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్ ఏదైనా సరే, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. యాసిడ్‌ను బయటికి తోసే పంపులు తిండి కోసం మేల్కొన్నప్పుడే ఈ మందు వాటిని పట్టుకోగలదు. తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటే సగం వృథా.

పైలోరి ఉంటే దీంతో పాటు యాంటీబయాటిక్స్ కావాలి. ఇన్నాళ్లూ అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, యాసిడ్ మాత్ర కలిపిన కిట్ ఇచ్చేవారు. జలుబుకూ దగ్గుకూ యాంటీబయాటిక్స్ మింగే మన అలవాటుకు ఇక్కడ మూల్యం చెల్లిస్తున్నాం. క్లారిత్రోమైసిన్‌కు లొంగని పైలోరి పెరిగింది. విరేచనాలకు విచ్చలవిడిగా వాడిన మెట్రోనిడజోల్ కథైతే ఇంకా దారుణం, మన దేశంలో దానికి లొంగని రకమే అత్యధికం. అందుకే ఇప్పుడు నిపుణులు ఎక్కువగా మొగ్గుతున్నది నాలుగు మందుల పద్ధతికి: యాసిడ్ తగ్గించేది, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. మెట్రోనిడజోల్‌కు లొంగని బ్యాక్టీరియాను కూడా ఈ కలయిక సరైన మోతాదులో రెండు వారాలు వాడితే చాలావరకు అణచగలదు. ఏది వాడాలన్నది డాక్టర్ నిర్ణయం. మీరు గతంలో ఏయే యాంటీబయాటిక్స్ వాడారో చెప్పగలిగితే ఆ నిర్ణయం మెరుగ్గా ఉంటుంది.

ఈ పద్నాలుగు రోజులు అంత సులువు కాదు. నాలుగు మందుల పద్ధతిలో రోజుకు డజనుకు పైనే మాత్రలు ఉంటాయి. నోరు ఇనుము నాకినట్టుంటుంది. వికారం, పల్చటి విరేచనాలు రావచ్చు. బిస్మత్ వల్ల నాలుక, మలం నల్లబడతాయి. ఇది ముందే తెలియకపోతే రక్తం పోతోందని కంగారుపడతారు. టెట్రాసైక్లిన్‌ను పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. గర్భిణులకు అది ఇవ్వరు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ, ఆపాక మరో మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. ఐదో రోజుకు నొప్పి పోయింది కదా అని ఆపేసేవాళ్లే ఎక్కువ. అలా ఆపినప్పుడు మిగిలేది ఆ మందుకు అలవాటుపడ్డ బ్యాక్టీరియా, రెండోసారి చికిత్స మరింత కష్టమవుతుంది. ఇంట్లో ఒకరు క్యాలెండర్ మీద టిక్కులు పెట్టి గుర్తుచేయడం ఖరీదైన పరీక్షలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నొప్పి మాత్రల వల్ల పడ్డ పుండుకు మొదటి మందు ఆ మాత్ర మానేయడమే.

తిండి సంగతి

ఆవకాయ అల్సర్ తెప్పించదు. పచ్చిమిరపకాయా తెప్పించదు. పుండు పచ్చిగా ఉన్నప్పుడు కారం, పులుపు తగిలి మంట పెరిగితే ఆ నాలుగు వారాలు తగ్గించుకోవాలి, ఏది పడకపోతే అది మానాలి. అంతకుమించి జీవితాంతం చప్పిడి కూడు తినాల్సిన పని లేదు. పథ్యం పేరిట పప్పులు, కూరలు, పండ్లు మానేసి నీరసించిపోయిన పెద్దవాళ్లను చూస్తే బాధేస్తుంది. పాలు తాగగానే హాయిగా ఉండటం నిజమే. అందులోని మాంసకృత్తులు, క్యాల్షియం కాసేపటికి మరింత యాసిడ్‌ను ఊరిస్తాయన్నదీ నిజమే. ఆహారంగా తాగితే తప్పులేదు, మందుగా గంటగంటకూ తాగితే లాభం లేదు. వంటసోడా, ఫిజ్ పొడులు కాసేపటి ఉపశమనమే. బీపీ, గుండె జబ్బులున్నవాళ్లకు వాటిలోని సోడియం మంచిది కాదు.

బీడీ, సిగరెట్, చుట్ట ఏదైనా పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. కారం మానేసి బీడీ కాలుస్తూ ఉంటే ప్రయోజనం లేదు. పుండు మానేదాకా రోజంతా ఉండే ఉపవాసాలు వాయిదా వేసుకోవడం మేలు.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిన వేళ

డియోడినం వెనక గోడను ఆనుకుని పెద్ద రక్తనాళం ఒకటి పోతుంది. పుండు అటు దిగితే రక్తస్రావం. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తుంది. వాంతిలో కాఫీపొడి లాంటి నలుసులో, ఎర్రటి రక్తమో కనిపిస్తుంది. కళ్లు తిరుగుతాయి. ఐరన్ మాత్రల వల్లా మలం నల్లబడుతుంది గానీ ఇలా తారులా ఉండదు. అనుమానమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పుడు ఎండోస్కోపీ ద్వారానే క్లిప్పు వేసో, సూదిమందుతోనో, వేడితోనో ఎక్కువ కేసుల్లో రక్తం ఆపగలుగుతున్నారు.

పుండు ముందు గోడను తొలిస్తే చిల్లు పడుతుంది. ఆ నొప్పి కత్తితో పొడిచినట్టు ఒక్క క్షణంలో మొదలై, పొట్టంతా పాకి, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. మనిషి కదలడానికి కూడా భయపడతాడు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింద గాలి కనిపిస్తుంది. ఇది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి. మూడోది నెమ్మదిగా వచ్చేది: నిన్న రాత్రి తిన్నది ఇవాళ సాయంత్రం వాంతి కావడం. దారి మూసుకుపోతోందని అర్థం.

అల్సర్ ఉందని తెలిసినవాళ్లు మరింత జాగ్రత్తపడాల్సింది గుండెపోటు దగ్గర. గుండె కింది భాగానికి రక్తం ఆగినప్పుడు నొప్పి సరిగ్గా పొట్టపైభాగంలో, మంటగా, తేన్పులతో రావచ్చు. ‘పాత గ్యాసే’ అనుకుని సోడా తాగి పడుకోవడం వల్ల ప్రాణాలు పోతున్నాయి. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో చేతికో పాకినా, ఎప్పుడూ వచ్చే తీరులో లేకపోయినా ముందు ఈసీజీ తీయించాలి. ఎండోస్కోపీ ఆ తర్వాత.

కోర్సు అయ్యాక

చికిత్సలో అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది. యాంటీబయాటిక్స్ అయిన నాలుగు వారాల తర్వాత, యాసిడ్ మాత్ర ఆపి రెండు వారాలు గడిచాక, ఊదే పరీక్షో మలపరీక్షో చేయించి పైలోరి పోయిందో లేదో చూసుకోవాలి. పోకపోతే మరో రకం యాంటీబయాటిక్స్‌తో రెండో విడత ఇస్తారు, అదే కిట్ మళ్లీ వాడకూడదు. పోయిందని తేలితే పుండు తిరిగి పడటం చాలా అరుదు. ఆ రెండు వారాల విరామంలో మంట వస్తే యాసిడ్‌ను విరిచే జెల్ మందు తాగవచ్చు, అది పరీక్షకు అడ్డు రాదు. డియోడినంలో మామూలు పుండై, నొప్పి పూర్తిగా పోతే మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు.

ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే, అణచి ఉంచిన యాసిడ్ కొన్నాళ్లు ఎగదన్ని మంట పెడుతుంది. దాన్ని పుండు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెడతారు. మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆపితే చాలామంది బయటపడగలరు. అవసరం లేకుండా ఏళ్లు వాడితే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు, అందుకే ‘ఇది ఇంకా ఎందుకు?’ అని ఏడాదికోసారైనా డాక్టర్‌ను అడగాలి.

ఈ మాత్రను ఆపకూడనివాళ్లూ ఉన్నారు. గుండెకు స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్ వాడుతూ, గతంలో పుండు నుంచి రక్తం పోయినవాళ్లు అలాంటివాళ్లు. వాళ్లు పైలోరి తీసేయించుకుని, యాసిడ్ మాత్రను రక్షణగా కొనసాగించాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా వాడుతుంటే ఒమెప్రజోల్ దాని పనికి అడ్డుపడుతుంది కాబట్టి డాక్టర్లు సాధారణంగా పాంటోప్రజోల్ రాస్తారు. కడుపు మంటకు భయపడి ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపేస్తే స్టెంటులో గడ్డకట్టే ముప్పు ఉంది. ఏది ఆపాలన్నా గుండె డాక్టర్, కడుపు డాక్టర్ ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి చూపించాకే.